కిటికీ హ్యాండిల్ వదులైనా, విరిగినా: ఇంట్లోనే బాగుచేసుకునే పద్ధతి

హ్యాండిల్ ఊడి చేతికొస్తే చాలామంది హార్డ్‌వేర్ షాపుకు పోయి అలాంటిదే ఇంకోటి తెచ్చి బిగిస్తారు. కొన్ని నెలలకు అదీ ఊగుతుంది. తప్పు చాలాసార్లు హ్యాండిల్‌ది కాదు. రెక్క ఫ్రేములో సరిగా కూర్చోక పట్టేస్తుంటే, దాన్ని గుంజడానికి మనకు దొరికేది హ్యాండిల్ ఒక్కటే. ఆ గుంజుడంతా రెండు మూడు చిన్న స్క్రూల మీద పడుతుంది. అందుకే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు రెక్క సంగతి తేల్చుకోవాలి.

రెక్కను సగం తెరిచి, హ్యాండిల్ వైపు కింది మూల పట్టుకుని మెల్లగా పైకి లేపండి. పై బందు (రెక్క తిరిగే కీలు) దగ్గర కదలిక కనిపిస్తే ఆ బందు స్క్రూలు వదులయ్యాయి, రెక్క కిందికి వాలింది. కదలిక లేకున్నా పట్టేస్తుంటే రెక్క అంచుకు చాక్‌పీస్ బాగా రుద్ది ఒకసారి మూసి తెరవండి. ఫ్రేము మీద సుద్ద ఎక్కడ అంటుకుందో రాపిడి అక్కడే. రెక్కను అరచేత్తో నెడితే చాలు, పూర్తిగా మూసుకోవాలి. అలా మూసుకోని రెక్కకు కొత్త హ్యాండిల్ బిగించడం డబ్బు దండుగ.

చెక్క కిటికీలు

వరంగల్, కరీంనగర్ వైపు పాత ఇళ్లలో టేకు, వేప, మద్ది చెక్క కిటికీలే ఎక్కువ. గ్రిల్ లోపలివైపు ఉండి, రెక్కలు బయటికి తెరుచుకునే ఇళ్లలో హ్యాండిల్ పని కొంచెం చిక్కు. కింది అంతస్తు అయితే బయటికి పోయి నిలబడి చేసుకోవచ్చు. పై అంతస్తులో రెక్కను మూసి, గ్రిల్ సందుల్లోంచే చేయాలి. దీనికి పొట్టి స్క్రూడ్రైవర్ పనికిరాదు. 8 లేదా 10 అంగుళాల సన్నకాడ స్క్రూడ్రైవర్, మొనకు అయస్కాంతం ఉన్నది తీసుకోండి. స్క్రూలు విప్పకముందే హ్యాండిల్‌కు ఒక దారం కట్టి, రెండో కొస గ్రిల్‌కు ముడేయండి. జారినా కింద ఎవరి నెత్తి మీదా పడదు. కిటికీ అడుగున పాత బట్ట పరిస్తే పడిన స్క్రూ దొర్లిపోదు.

ముందు బందులు. వదులైన స్క్రూలను పూర్తిగా తీసి రంధ్రం చూడండి. చెక్క గట్టిగానే ఉంటే అంతే మందం, అరంగుళం పొడవు ఎక్కువున్న స్క్రూ వేస్తే పట్టు దొరుకుతుంది. పొడవు ఎంచే ముందు అక్కడ చెక్క మందం కొలుచుకోండి, స్క్రూ అవతలికి పొడుచుకురావద్దు. రంధ్రమే పెద్దదైతే పూడ్చాలి. హ్యాండిల్ రంధ్రాలకూ ఇదే పద్ధతి.

రంధ్రంలోని పొట్టు, పాత రంగు పెచ్చులు మొలతో గీకి ఊదేయండి. వెదురు పుల్లను రంధ్రంలో బిగువుగా దిగేలా చెక్కుకోండి. టేకు చీలిక ఇంకా మంచిది. చాలామంది అగ్గిపుల్లలు కుక్కుతారు, అది మెత్తటి కర్ర, కొన్నాళ్లకే నలిగి పొడవుతుంది. రంధ్రం లోపల, పుల్లలకు ఫెవికాల్ రాసి, ఇక పట్టనంత వరకు సుత్తెతో మెల్లగా దించండి. ఒక రోజు ముట్టుకోవద్దు. ముసురు పట్టిన రోజుల్లో జిగురు ఆరడం ఆలస్యం, రెండు రోజులు ఆగండి. ఆరాక పైకి తేలినదాన్ని బ్లేడుతో సమంగా కోసేయండి.

ఆ తర్వాత చాలా ఇళ్లలో చేయని పని ఒకటుంది. స్క్రూ దించే ముందు సన్న రంధ్రం వేసుకోవాలి. 6 నంబరు స్క్రూకు 2 లేదా 2.5 మి.మీ. బిట్, 8 నంబరుకు 3 మి.మీ. బిట్ సరిపోతుంది. మద్ది లాంటి గట్టి కర్రకు పెద్ద కొలత తీసుకోండి. స్క్రూ ఎంత లోతు దిగాలో కొలిచి, బిట్ చుట్టూ అక్కడ టేపు చుడితే రంధ్రం లోతెక్కదు. గ్రిల్ సందులో డ్రిల్ మిషన్ తల పట్టదు కాబట్టి పొడుగు బిట్ కావాలి. అది లేకుంటే పదునైన మొలను గుర్తు మీద పెట్టి నాలుగు దెబ్బలు కొట్టి పీకేయండి, మెత్తటి చెక్కకు అది చాలు.

పనివాళ్లు తొందరలో స్క్రూను ముప్పావు వంతు సుత్తెతోనే కొట్టి, చివర రెండు చుట్లు తిప్పి వదిలేయడం మామూలే. చూడ్డానికి గట్టిగానే ఉంటుంది. కానీ స్క్రూ చుట్టూ ఉన్న మరలకు చెక్కలో గాడి పడాల్సిన చోట నారలు చితికిపోయి ఉంటాయి. రెండు వానాకాలాలు చెక్క ఉబ్బి, ఆరి, ఉబ్బి, ఆరేసరికి ఆ స్క్రూ వేళ్లతో గుంజితే వస్తుంది. వదులైన హ్యాండిల్‌ను విప్పినప్పుడు రంధ్రం గోడలు గాడి లేకుండా నున్నగా ఉంటే కథ ఇదే. దగ్గరుండి తిప్పించండి.

గట్టి కర్రలో స్క్రూ తిరగకపోతే మరలకు కొవ్వొత్తి మైనం రుద్దండి. సబ్బు కూడా రుద్దుతుంటారు, కానీ సబ్బు తేమను పీల్చి ఇనుప స్క్రూను తుప్పు పట్టిస్తుంది.

హ్యాండిల్ కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకుపోవడం మంచిదే, అయితే రెండు కొలతలు ఇంట్లోనే రాసుకోవాలి. మొదటిది, రంధ్రాల మధ్య దూరం, ఒక రంధ్రం నడుమ నుంచి ఇంకో రంధ్రం నడుమకు, మిల్లీమీటర్లలో. రెండోది, రెక్క మూసినప్పుడు చెక్కకూ గ్రిల్‌కూ మధ్య ఉన్న ఖాళీ. హ్యాండిల్ ఎత్తు ఈ ఖాళీకంటే కనీసం 10 మి.మీ. తక్కువ ఉండాలి. షాపులో అందంగా కనిపించిన ఎత్తు హ్యాండిల్ తెచ్చి బిగించాక అది గ్రిల్‌కు తగిలి రెక్క మూసుకోకపోవడం చాలా ఇళ్లలో జరిగేదే. మరీ బల్లపరుపుగా ఉన్నా ఇబ్బందే, వేళ్లు దూరడానికి హ్యాండిల్ లోపల 25 మి.మీ. దాకా సందుండాలి.

పాత రంధ్రాలు కొత్త హ్యాండిల్‌కు కుదరకుంటే పూడ్చి, 15 మి.మీ. పైకో కిందికో జరిపి కొత్తవి వేయండి. పాతదాని అంచును తాకేలా కొత్త రంధ్రం వేస్తే బిట్ జారి పాతదాంట్లోకే పోతుంది.

రోజూ బలంగా గుంజే పెద్ద రెక్కలకు స్క్రూల కంటే ఆరపార బోల్టులు నయం. 5 మి.మీ. బోల్టు, గుండు తల బయటికి, వాషరూ నట్టూ లోపలికి వచ్చేలా. అలా వేస్తే బయటినుంచి ఎవరూ విప్పలేరు. రెక్కకు బయటి నుంచి చేయి అందితేనే ఇది కుదురుతుంది.

చెక్కే పుచ్చిపోయి ఉంటే ఏ స్క్రూ నిలవదు. రెక్క కింది పట్టీలో నీళ్లు నిలిచే చోట చాకు మొనతో పొడిచి చూడండి. సులువుగా అర సెంటీమీటరు దిగిందంటే అక్కడ మెత్తబడిన భాగం కోసి కొత్త ముక్క అతికించాల్సిందే, అది వడ్రంగి పని.

బేడం కుదరనప్పుడు

హ్యాండిల్ మీద పడే బలంలో సగం బేడం (పైకీ కిందికీ జరిపే గడియ కడ్డీ) పుణ్యమే. కడ్డీ రంధ్రంలోకి దిగకపోతే ఒక చేత్తో హ్యాండిల్ గుంజి పట్టుకుని, ఇంకో చేత్తో బేడం కొడతాం. కడ్డీ మొనకు చాక్‌పీస్ రుద్ది మూసి, దింపండి. సుద్ద మచ్చ రంధ్రానికి ఎటువైపు పడిందో అటువైపే గుండ్రటి ఆకురాయితో వెడల్పు చేయండి. మచ్చ 3 మి.మీ. కంటే దూరంగా పడితే రంధ్రం పెంచొద్దు, వాలిన రెక్కను బందుల దగ్గర సరిచేయండి.

కింది రంధ్రాన్ని ముందు శుభ్రం చేయండి. ఇల్లు కట్టినప్పటి సిమెంటు, ఏళ్ల దుమ్ము గట్టిపడి కడ్డీని సగంలోనే ఆపేస్తాయి. పెద్ద మొలతో తవ్వి తీస్తే చాలాసార్లు అంతటితో పని అయిపోతుంది. రంగులు పూతల మీద పూతలు వేసి కడ్డీ బిగుసుకుపోతే గరుకు కాగితంతో ఇనుము కనిపించేదాకా రుద్ది, రెండు చుక్కలు కుట్టుమిషన్ నూనె వేయండి.

వానాకాలంలో ఉబ్బి పట్టేసే రెక్కను చూసి తొందరపడి చిత్రిక పట్టించొద్దు. ఆగస్టులో గీకిన చెక్క మేలో కుంచించుకుపోతుంది, అప్పుడు సందులోంచి దుమ్మూ వడగాలీ లోపలికే. అంతగా తప్పకపోతే సుద్ద మచ్చ పడిన చోట మాత్రమే, ఒక మిల్లీమీటరు లోపే తీయండి. గీకిన అంచుకు వాన తెరిపిచ్చిన వెంటనే రంగు వేయాలి, పచ్చి చెక్క బయటపడితే తేమ ఇంకా వేగంగా పీలుస్తుంది.

కోతులు తిరిగే కాలనీల్లో కొక్కెం ఒక్కటే ఉన్న రెక్కలు నమ్మదగినవి కావు. గుంజి గుంజి కొక్కెం కొండినే ఊడదీస్తాయి. పైన 6 అంగుళాలది, కింద 4 అంగుళాలది, రెండు బేడాలు ఉండాలి. గాలికి రెక్క కొట్టుకోకుండా ఆపడానికే కొక్కెం.

స్క్రూ రాకపోతే

తల అరిగిన స్క్రూను అదే స్క్రూడ్రైవర్‌తో మళ్లీ మళ్లీ తిప్పితే ఇంకా అరుగుతుంది. వెడల్పు రబ్బరు బ్యాండు ముక్కను తల మీద పెట్టి దాని పైనుంచి గట్టిగా నొక్కి తిప్పండి. రాకపోతే తల మీద హ్యాక్సా బ్లేడుతో అడ్డంగా గాడి కోసి పట్టీ స్క్రూడ్రైవర్ వాడండి. తుప్పుతో పట్టేసిన దాన్ని ముందు బిగించే వైపు పావు చుట్టు తిప్పి, తర్వాత విప్పడం మొదలుపెట్టండి. తుప్పు పట్టు వదిలే శబ్దం వినిపిస్తుంది. కాడ విరిగి చెక్కలోనే ఉండిపోతే దాని జోలికి పోవద్దు, హ్యాండిల్‌నే కాస్త జరపండి. అద్దం పక్కన సుత్తె పని ఏదైనా సరే, అద్దం మీద మందపాటి అట్ట టేపుతో అంటించాకే.

ఏ లోహం తీసుకోవాలి

షాపులో వైట్ మెటల్ అని ఇచ్చేది ఎక్కువగా జింకు పోత. బరువుగా, మెరుస్తూ ఉంటుంది, అయస్కాంతం అంటదు. బలం ఎక్కువైతే వంగదు, పుటుక్కున విరుగుతుంది. విరిగిన చోట బూడిదరంగు గరుకు కనిపిస్తుంది. దీన్ని అరల్డైట్‌తో అతికించినా గుంజే చోట నిలవదు, వెల్డింగూ కుదరదు. కొత్తది కొనడమే దారి. ఇనుప హ్యాండిల్ విరగదు, కానీ వాన జల్లు పడే వైపు పెచ్చులు లేస్తుంది. వాన నేరుగా కొట్టే కిటికీకి ఎస్ఎస్ 304 (తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ స్టీలు రకం) మంచిది.

పాతింటి ఇత్తడి హ్యాండిళ్లు ఉంటే దయచేసి పాత సామాను వాళ్లకు తూకానికి వేయొద్దు. అరిగేది స్క్రూలూ, చెక్క రంధ్రాలే, హ్యాండిల్ ఇంకో తరానికి వస్తుంది. చింతపండు, ఉప్పు కలిపి తోమి, వెంటనే నీళ్లతో కడిగి పూర్తిగా తుడవండి. బిగించేటప్పుడు ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్క్రూలే వాడండి, మామూలు ఇనుప స్క్రూ ఇత్తడి పక్కన తేమలో తొందరగా తుప్పు పడుతుంది. ఇత్తడి స్క్రూ మెత్తన. ముందు అదే కొలత ఇనుప స్క్రూతో గాడి చేసి, దాన్ని విప్పి, తర్వాత ఇత్తడిది తిప్పితే తల తెగదు.

అల్యూమినియం స్లైడింగ్

ఇక్కడ లాక్ పడకపోతే చూడాల్సింది రోలర్లు, అంటే రెక్క అడుగున ఉండే చిన్న చక్రాలు. అవి అరిగితే రెక్క రెండు మూడు మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది, లాక్ కొక్కెం ఫ్రేములోని గాడికి కింద తగులుతుంది. రెక్కను నిలువు ఫ్రేము దాకా జరిపి, మధ్యలో సందు చూడండి. పైన ఎక్కువ, కింద తక్కువ ఉంటే ఒకవైపు రోలర్ దిగింది. చాలా రెక్కల కింది మూలల్లో పక్కనుంచి చిన్న రంధ్రం, లోపల ఒక స్క్రూ ఉంటాయి. దాన్ని అర చుట్టు తిప్పి చూడండి, రెక్క లేస్తే అదే వైపు, దిగితే ఎదురు. సందు సమానమయ్యాక లాక్ దానంతటదే పడొచ్చు.

అప్పటికీ పడకపోతే లాక్ మార్చండి. పాత లాక్ రెండు స్క్రూల మధ్య దూరం, ప్రొఫైల్‌లో (రెక్క చుట్టూ ఉండే అల్యూమినియం పట్టీలో) కోసిన గాడి పొడవు, కొక్కెం ఎంత బయటికి వస్తుందో రాసుకుపోండి. కొక్కెం పొట్టిదైతే పైకి పడినట్టే కనిపించి, గట్టిగా జరిపితే ఊడుతుంది.

ప్రొఫైల్ గోడ చాలా పలుచన, ఒకటిన్నర మిల్లీమీటరు దాకా ఉంటుంది. అందులో స్క్రూ ఒకటి రెండు మరల మీదే నిలబడుతుంది, కాబట్టి డ్రిల్ మిషన్‌తో బిగిస్తే ఆ మరలు లేచిపోతాయి. లేచిపోతే 6 నంబరు చోట 8 నంబరు వేయండి. అదీ పట్టకుంటే 4.1 మి.మీ. రంధ్రం చేసి 4 మి.మీ. పాప్ రివెట్లు (గన్‌తో గుంజి బిగించే బోలు మేకులు) కొట్టండి. మామూలు ఇనుప స్క్రూలు వద్దు, తేమలో వాటి చుట్టూ అల్యూమినియం తెల్లటి పొడిగా రాలుతుంది.

రామగుండం, గోదావరిఖని, మంచిర్యాల, భూపాలపల్లి లాంటి బొగ్గు ప్రాంతాల్లో ట్రాకులో నల్ల దుమ్ము పేరుకుంటుంది. అందులో నూనె పోస్తే ముద్దలా మారి రోలర్లను తినేస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో పొడిగానే ఊడ్చి, తడిబట్టతో తుడిచి, సిలికాన్ స్ప్రే పలుచగా కొట్టండి. బయటి ట్రాకుకు నీళ్లు పోయే చిన్న గాట్లు ఉంటాయి, అవి మూసుకుపోకుండా చూడండి.

రెక్క తీయాల్సి వస్తే ఇద్దరుండాలి. పైకి లేపి కింది అంచును ట్రాకులోంచి తప్పించాలి. 5 మి.మీ. అద్దం చదరపు మీటరుకు 12.5 కిలోలు తూగుతుంది, నాలుగడుగులు బై రెండడుగుల రెక్కలో అద్దమే 9 కిలోలు దాటుతుంది. పై అంతస్తులో, గ్రిల్ లోపలుండి రెక్క బయటినుంచే తీయాల్సిన కిటికీ అయితే మెకానిక్‌ను పిలవండి.

యూపీవీసీ తిప్పుడు హ్యాండిళ్లు

హ్యాండిల్ బిగుసుకుంటే ముందు రెక్కను తెరిచి ఉంచి తిప్పండి. తెరిచినప్పుడు సులువుగా, మూసినప్పుడు కష్టంగా తిరిగితే హ్యాండిల్ బాగుంది, రెక్క వాలింది. తెరిచినప్పుడూ కష్టమైతే హ్యాండిల్ విప్పి చేతిలో తిప్పండి. చేతిలో హాయిగా తిరిగితే లోపలి గేర్‌బాక్సు పాడైంది, అది కిటికీ బిగించిన వాళ్లు చూడాలి.

విప్పడానికి, రెక్క తెరిచే ఉంచి హ్యాండిల్‌ను అడ్డంగా, 90 డిగ్రీలకు పెట్టండి. అడుగున ఉన్న ప్లాస్టిక్ మూతను కాస్త బయటికి లాగి తిప్పితే రెండు స్క్రూలు కనిపిస్తాయి. వాటి మధ్య దూరం సాధారణంగా 43 మి.మీ., వెనక నలుచదరపు కడ్డీ 7 మి.మీ., స్క్రూలు 5 మి.మీ. మందం. మోడల్‌ను బట్టి మారేది కడ్డీ పొడవు. అడుగు పలక నుంచి కొస వరకు స్కేలుతో కొలవండి. కొత్త కడ్డీ పొడవైతే హ్యాక్సాతో కోసి ఆకురాయితో అంచులు నున్నగా చేయవచ్చు. పొట్టిదైతే గేర్‌ను అందుకోక వట్టిగా తిరుగుతుంది, వాపసు ఇచ్చేయండి. కడ్డీ మూలలు గుండ్రంగా అరిగినా ఇలాగే వట్టిగా తిరుగుతుంది.

స్క్రూలు చేత్తోనే బిగించండి, ఒకదాన్ని కాస్త, ఇంకోదాన్ని కాస్త. అతిగా బిగిస్తే అడుగు పలక వంగి కొత్త హ్యాండిలే బిగుసుకుంటుంది. మూసి ఉండగా హ్యాండిల్ విరిగిపోతే కంగారు పడొద్దు. అడుగు పలక విప్పి, కడ్డీని పట్కారుతో పట్టుకుని 90 డిగ్రీలు తిప్పితే తెరుచుకుంటుంది.

పాత క్వార్టర్ల ఇనుప కిటికీలు

ఈ కిటికీల్లో హ్యాండిల్ ఒక రివెట్ మీద తిరుగుతుంది. రివెట్ అరిగితే హ్యాండిల్ వేలాడుతుంది. సుత్తెతో రివెట్‌ను కొట్టి బిగించే అలవాటుంది, లప్పం ఎండిపోయిన పాత అద్దం ఆ అదురుకు పగులుతుంది. దానికి బదులు రివెట్ తలను డ్రిల్‌తో తీసి, రంధ్రాన్ని 6.5 మి.మీ. చేసి, 6 మి.మీ. బోల్టు, రెండువైపులా వాషర్లు, నైలాక్ నట్టు వేయండి. నైలాక్ నట్టు పూర్తిగా బిగించకున్నా దానంతటది వదులు కాదు, కాబట్టి హ్యాండిల్ తిరిగేంత వదిలి ఆపొచ్చు. ఫ్రేములో స్క్రూ మరలు పోతే తర్వాతి పెద్ద కొలతకు ట్యాప్ చేయాలి, అంటే ఇనుములో కొత్త మరలు కోయాలి. 5 మి.మీ. స్క్రూకు 4.2 మి.మీ. బిట్, 6 మి.మీ. స్క్రూకు 5 మి.మీ. బిట్. గీకిన ఇనుమంతటికీ అదే రోజు రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే ఎర్ర పూత) పూయండి.

నూనె

కొబ్బరినూనె, వంటనూనె వద్దు. కొబ్బరినూనె చలికాలంలో గడ్డకడుతుంది, వంటనూనె కొన్నాళ్లకు జిగురై దుమ్మును పట్టుకుంటుంది. తుప్పు వదిలించడానికి కిరోసిన్, అది దొరకకుంటే డీజిల్ రాసి రాత్రంతా వదిలి, తుడిచేసి, ఆపైన కుట్టుమిషన్ నూనె వేయండి. ఆ రాత్రి దగ్గర్లో దీపం, అగరుబత్తి లేకుండా చూసుకోండి. డబ్ల్యూడీ-40 కూడా తుప్పు వదిలించడానికి బాగా పనికొస్తుంది, కానీ ఎక్కువకాలం నిలిచే నూనె కాదు, దాని తర్వాతా మిషన్ నూనె వేయాలి. తాళంచెవి ఉన్న హ్యాండిల్ అయితే చెవి రంధ్రంలో ఏ నూనే పోయొద్దు. పెన్సిల్ ముల్లును గరుకు కాగితం మీద రుద్ది, ఆ నల్లపొడిని చెవికి పట్టించి, నాలుగైదు సార్లు పెట్టి తిప్పండి.